ఖాకీయా... స్కార్ఫా?

ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇంటికి బడి తెరిచిన కొత్తల్లో ఓ చిన్న కాగితం వస్తుంది. ‘మీ అమ్మాయి ఎన్‌సీసీలో చేరుతుందా, గైడ్స్‌లో చేరుతుందా? ఒకదానికి టిక్కు పెట్టి, సంతకం చేసి పంపండి’ అని. ఫీజు కాగితమైతే నాన్న చూస్తాడు. మార్కుల కాగితమైతే ఇల్లంతా చూస్తుంది. ఇది మాత్రం ఏ నోటుపుస్తకంలోనో నలిగి, గడువు రోజు పొద్దున అమ్మ క్యారేజీ కట్టేవేళకి బయటపడుతుంది. అప్పుడు ఏది తోస్తే దానికి టిక్కు.

కావలి నుంచి ఓ తల్లి అలా తొందరపడకుండా వారం ముందే ఉత్తరం రాశారు. వాళ్ల పాపకి పదమూడేళ్లు. తాతగారు ‘ఎన్‌సీసీయే, ఇంకో మాట లేదు’ అంటున్నారట. నాన్నగారు ‘ఏదీ వొద్దు. పది రోజులు క్యాంపని ఆడపిల్లని ఏడకో తీసకపోతారు. ఆ టైములో లెక్కలు చేసుకుంటే పోలా’ అంటున్నారట. మధ్యలో హైదరాబాదు నుంచి ఆడబిడ్డగారు ఫోను. వాళ్లబ్బాయి చదివే పెద్ద బడిలో బ్రిటన్ రాజుగారి పేరుమీద ఏదో అవార్డు ఉందట, కంచు, వెండి, బంగారు పతకాలట. ‘మా ఊళ్లో అది దొరకదు కదా, మా పాప వెనకబడిపోతుందా? ఎన్‌సీసీ ఉంటే ఇంజినీరింగు సీటు వస్తుందంటున్నారు, నిజమేనా?’ అని ఆవిడ ప్రశ్నలు.

ముందు సీటు సంగతి తేల్చేద్దాం. సగం ఇళ్లలో ఎన్‌సీసీకి టిక్కు పడేది దానికోసమే కాబట్టి.

మన రాష్ట్రంలో ఇంజినీరింగు కౌన్సెలింగులో ఎన్‌సీసీ పిల్లలకి ప్రత్యేక కేటగిరీ ఉన్నమాట నిజం. అది ఒక శాతం. అరవై సీట్ల సెక్షన్‌లో ఒక శాతమంటే ఒక సీటు కూడా పూర్తిగా కాదు. ఆ కాస్త దానికీ వరుస ఉంటుంది. ఢిల్లీలో గణతంత్ర దినోత్సవ క్యాంపుకి వెళ్లొచ్చినవాళ్లు, జాతీయస్థాయి క్యాంపులు చేసినవాళ్లు ముందు నిలబడతారు. దేశం మొత్తం మీద ఏటా ఆ ఢిల్లీ క్యాంపుకి వెళ్లేది రెండువేల పైచిలుకు పిల్లలే. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో పరేడ్ చేసి ‘ఏ’ సర్టిఫికెట్ తెచ్చుకున్న పాప ఆ వరుసలో ఎక్కడుంటుందో మీరే ఊహించుకోండి. స్కౌట్స్, గైడ్స్‌కి కూడా అలాంటి కేటగిరీ ఒకటుంది. అదీ ఇరుకు దారే.

ఉద్యోగాల లెక్క వేరు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షలో ‘సి’ సర్టిఫికెట్‌కి 5 శాతం, ‘బి’కి 3 శాతం, ‘ఏ’కి 2 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. ‘సి’ ఉండి, అందులో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు యూపీఎస్సీ రాతపరీక్ష లేకుండా నేరుగా సైన్యంలో ఆఫీసరు ఎంపిక ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. ఎంపికైతే శిక్షణ చెన్నైలోని ఆఫీసర్స్ అకాడమీలో. కావలి ప్లాట్‌ఫారం మీద రైలెక్కితే తిన్నగా అక్కడే దిగుతారు. అమ్మాయిలకీ ఈ దారి ఉంది.

అయితే ‘బి’, ‘సి’ రెండూ పెద్ద క్లాసులవి. ‘బి’కి రెండేళ్లు, ‘సి’కి మూడో ఏడు. వాటికోసం ఎనిమిదిలో చేరి ఉండాలన్న రూలేమీ లేదు. డిగ్రీ మొదటి ఏడులో కొత్తగా చేరిన పిల్ల కూడా మూడేళ్లలో ‘సి’ దాకా వెళ్తుంది. 2021 నుంచి డిగ్రీలో ఎన్‌సీసీని ఒక ఎలెక్టివ్ సబ్జెక్టుగా పెట్టుకునే వీలును కూడా యూజీసీ కల్పించింది. మధ్యలో మన ఇంటర్ ఒకటుంది చూశారూ! బడిలో రెండేళ్లు పరేడ్ చేసిన పిల్లలు పదిలో ఆగిపోతారు. తర్వాత నెల్లూరో విజయవాడో హాస్టలు. అక్కడ పొద్దున్నించి రాత్రిదాకా స్టడీ అవర్సే, పరేడ్ గ్రౌండనేదే ఉండదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే తప్ప గొలుసు అక్కడ తెగుతుంది.

కాబట్టి ఆ తల్లికి నా జవాబు ఇది. సీటుకోసమైతే ఇప్పుడు ఏదీ అక్కర్లేదు. ఎనిమిదీ తొమ్మిదీ, ఈ రెండేళ్లలో పాపకి ఏం దొరుకుతుందన్నదే ప్రశ్న. పదిలోకొచ్చాక మీరు ఇద్దామన్నా ఆ టైము మీ దగ్గర ఉండదు.

ఇప్పుడు తాతగారి పక్షం. ఆయన జవహర్ భారతిలో చదువుకున్నారని రాశారు. 1962 చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీల్లో ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఇష్టమైతేనే అన్నారు. అదొద్దన్న విద్యార్థులకి వేరే దారిగా 1969 సెప్టెంబరు 24న, గాంధీగారి శతజయంతి ఏడాదిలో, ఎన్‌ఎస్‌ఎస్ పుట్టింది. అంటే ఆ అయిదేళ్లలో కాలేజీలో ఉన్న మగపిల్లలు ఇష్టమున్నా లేకున్నా బూట్లు పాలిష్ చేసినవాళ్లే. ‘సావధాన్... విశ్రామ్... దాయే ముడ్’ అని ఇవాళ్టికీ నిద్రలో లేపినా చెబుతారు. పరేడ్ అయ్యాక పెట్టిన పూరీల గురించి అంతకన్నా బాగా చెబుతారు.

నేటి ఎన్‌సీసీ అంత బలవంతపుది కాదు. 1948లో పార్లమెంటు చట్టంతో మొదలైన సంస్థ. మరుసటి ఏడాదే అమ్మాయిల విభాగం వచ్చింది. బడిలో డ్రిల్లు, మ్యాపు చదవడం, ప్రథమ చికిత్స, పాయింట్ టూటూ రైఫిల్‌తో గురిచూసి కాల్చడం. ఏడాదికోసారి పది రోజుల క్యాంపు. యూనిఫాం ఖర్చు, టిఫిన్ ఖర్చు ప్రభుత్వానివే. సొంత ఖర్చుతో నడుపుకునే ప్రైవేటు బడుల్లో మాత్రం ఆ భారం ఎంత, ఎవరిమీద అని ముందే అడగండి.

కావలి పిల్లలకి ఇంకో ఆకర్షణ నౌకాదళ విభాగం. నెల్లూరులో ఎన్‌సీసీ నావల్ యూనిట్ ఉంది. తెల్ల డ్రస్సు, పడవ నడపడం, జెండాలతో సంకేతాలు, ఓడ నమూనాలు తయారు చేయడం. తుమ్మలపెంట సముద్రం పక్కనే పెట్టుకుని, ఏటా కార్తీకమాసంలో కాళ్లు తడుపుకుని రావడమేగానీ ఈత రాని పిల్లలు మన ఇళ్లలో ఎంతమంది! వాళ్లకిది మంచిదే. కాకపోతే ఏ విభాగమన్నది పిల్ల కోరుకుంటే వచ్చేది కాదు. బడికి ఏ యూనిట్ ఇచ్చారో అదే. 2020 ఆగస్టు 15న ప్రధాని, సరిహద్దు, తీరప్రాంతాల్లోని 173 జిల్లాల్లో లక్షమంది కొత్త కేడెట్లను చేర్చుకుంటామని, అందులో మూడోవంతు అమ్మాయిలుంటారని ప్రకటించారు. తీరం వెంబడి బడులకి ఇది మంచి అవకాశం. మీ బడి దరఖాస్తు పెట్టిందేమో పేరెంట్స్ మీటింగులో అడగొచ్చు. అక్కడ మార్కుల గురించి తప్ప ఎవరూ ఏమీ అడగరు!

ఇక స్కార్ఫ్. స్కౌట్స్ అంటే చాలామందికి స్వాతంత్ర్య దినోత్సవం రోజు మంత్రిగారికి ఎడంచేత్తో కరచాలనం చేసే పిల్లలే గుర్తొస్తారు. దాని సొగసు ఊరేగింపులో లేదు. ఏడెనిమిదిమంది పిల్లల జట్టు, అందులోనే ఒక నాయకురాలు. ముడులు వేయడం, ముగ్గురాళ్ల పొయ్యిమీద వండటం, కర్రలు కట్టి వంతెన చేయడం, దెబ్బ తగిలినవాణ్ని దుప్పటి స్ట్రెచర్ మీద మోయడం. ఎన్‌సీసీలో వందమందిలో ఒకరై ఒకే అడుగు వేయడం నేర్చుకుంటారు. ఇక్కడ ఎనిమిదిమందిలో ఒకరై ఎవరేం చేయాలో తామే తేల్చుకోవడం నేర్చుకుంటారు. రెండూ కావలసినవే. అయితే ఒకే పిల్లకి రెండూ ఒకేలా నప్పవు. నలుగురిలో నోరు విప్పని పిల్ల వరుసలో నిలబడి ధైర్యం తెచ్చుకుంటుంది. ప్రతిదానికీ ‘ఎందుకు?’ అని అడిగే పిల్లకి ‘పీఛే ముడ్’ అంటే ఒళ్లు మండుతుంది, ఆమెని గైడ్స్‌లో వేయండి.

కావలివాళ్లకి ఈ ముడులు, మోతల విలువ పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. 1989 నవంబరు 9న గే తుపాను తీరం దాటింది కావలి దగ్గరే. ఎక్కడో థాయ్‌లాండ్ గల్ఫులో పుట్టి, మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి మన గుమ్మంలో పడింది. ఆనాడు ఎనిమిదో తరగతి చదివినవాళ్లు ఇవాళ ఈ కాగితం మీద సంతకం పెట్టే అమ్మానాన్నలు. రేకు ఎగిరిపోతుంటే తాడుతో ఎలా బిగించాలో, కాలు తెగినవాడికి రక్తం ఎలా ఆపాలో తెలిసిన పిల్ల ఇంట్లో ఒకరుంటే ఎంత నిబ్బరమో వాళ్లకి చెప్పాలా? (ముడుల విషయంలో తుమ్మలపెంట గంగపుత్రులకి నేర్పగల స్కౌట్ మాస్టరు ఇంకా పుట్టలేదనుకోండి. తెలివైన మాస్టరైతే పిల్లల్నే వాళ్ల దగ్గరికి తీసుకెళ్తాడు.)

గైడ్స్‌లో ఒక చిక్కు ఉంది. మెట్లు ఎక్కువ. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ, ఆ తర్వాత గవర్నరు చేతిమీదుగా వచ్చే రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి అవార్డు. ఒక్కో మెట్టుకీ నెలల గడువు. అన్నీ ఎక్కడానికి నాలుగేళ్ల దాకా పడుతుంది. పదేళ్ల వయసు నుంచే చేరొచ్చు. అయిదో ఆరో తరగతిలో మొదలుపెట్టిన పిల్లలు పదికల్లా పై మెట్లమీద ఉంటారు. ఎనిమిదిలో మొదలుపెడితే పది పరీక్షలు అడ్డం వస్తాయి. ఇంట్లో చిన్నవాళ్లుంటే వాళ్లని ఈ ఏడే వేయండి. రైల్వేలో ఏటా కొన్ని ఉద్యోగాలు స్కౌట్స్ కోటా కింద వేస్తారు. పై అవార్డులున్నవాళ్లకే అది. లోకోషెడ్డు రోజుల నుంచీ రైలుతో బతికిన బిట్రగుంట పక్కనే ఉన్న ఊరికి ఆ కోటా సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆడబిడ్డగారి అవార్డుకొద్దాం. అది రాజుగారి పేరుమీద కాదు. ఎలిజబెత్ రాణిగారి భర్త, 2021లో పోయిన ఫిలిప్, ఎడిన్‌బరో డ్యూక్. ఆయన 1956లో బ్రిటన్‌లో మొదలుపెట్టారు. 1962లో మన దేశానికొచ్చింది. ఇక్కడ దాన్ని ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్ అంటారు. ఎక్కువగా ఫీజులు దండిగా కట్టే బడుల్లో నడుస్తుంది, ప్రతి అంచెకీ రుసుము ఉంటుంది. పద్నాలుగేళ్లు నిండితేగానీ కంచు అంచెలో చేర్చుకోరు. అంటే మీ పాప ఇంకా వెనకబడలేదు!

నిజం చెప్పాలంటే ఈ మూడింట్లో నాకు బాగా నచ్చిన ఆలోచన అదే. ఎవరితోనూ పోటీ లేదు. సేవ ఒకటి, కొత్తగా నేర్చుకునే విద్య ఒకటి, ఒంటికి పనిపెట్టే ఆట ఒకటి. ఒక్కోదానికీ వారానికి గంట, నెలల తరబడి మానకుండా. వీటికితోడు కాలినడకనో సైకిలు మీదో ఒక సాహసయాత్ర. కంచుకి రెండు పగళ్లు, ఒక రాత్రి. ఏం చేయాలో పిల్లలే ఎంచుకుంటారు. పక్కింటి అబ్బాయికంటే ఎక్కువొచ్చిందా అని అడిగే వీల్లేదు.

పతకం కావలికి రాకపోయినా ఆ పద్ధతి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వారానికో గంట వీధిలో చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పించండి. ఒక గంట వీణో, కుట్టుమిషనో, సైకిలు పంక్చరు వేయడమో. ఒక గంట ఈత, లేకుంటే పరుగు. సంక్రాంతి సెలవుల్లో నలుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు కలిసి ఉదయగిరి దుర్గం ఎక్కండి. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకున్న కోట, మన జిల్లాలోనే ఉండి మనం చూడని కోట. బస్సు టైములు, నీళ్లెన్ని, తిండేమిటి అన్నీ పిల్లలే రాయాలి. పెద్దలు నోరు మెదపకూడదు. అదే కష్టం.

మరి బడి కాగితంలో టిక్కు? అది పెట్టేముందు బడికి వెళ్లి ఒక మనిషిని చూడండి. ఎన్‌సీసీ అయినా గైడ్స్ అయినా నడిపేది ఒక టీచరు. ఎన్‌సీసీ టీచర్లు వారాల తరబడి శిక్షణ పొందాలి. మగవాళ్లకి నాగపూరు దగ్గర కామటీలో, ఆడవాళ్లకి గ్వాలియర్‌లో. అలా వెళ్లొచ్చిన టీచరు మీ బడిలో ఉన్నారా? అమ్మాయిలకి ఆడటీచరే ఉన్నారా? పోయిన ఏడు ఎన్ని వారాలు పరేడ్ జరిగింది? ప్రిన్సిపాల్‌ని కాదు, తొమ్మిదో తరగతి పిల్లల్ని అడగండి. వాళ్ల బూట్లు చూస్తే అడగక్కర్లేకుండానే తెలుస్తుంది. గొప్ప పేరున్న సంస్థ పట్టని టీచరు చేతిలో పడితే ఫొటోలకే మిగులుతుంది. ఆదివారం తెల్లవారుజామున పిల్లలకంటే ముందు గ్రౌండుకొచ్చే టీచరు ఉంటే కళ్లు మూసుకుని ఆ పక్కకి వేయండి, అది ఏదైనా సరే.

నాన్నగారి భయం గురించి. దాన్ని కొట్టిపారేయను. 2024 ఆగస్టులో తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో ఎన్‌సీసీ పేరుతో క్యాంపు పెట్టారు. అక్కడ ఆడపిల్లలపై లైంగిక దాడి జరిగిందని పోలీసు కేసు అయింది. ఆ బడిలో అసలు ఎన్‌సీసీయే లేదని, క్యాంపు పెట్టినవాళ్లకి తమతో సంబంధం లేదని ఎన్‌సీసీ ప్రకటించింది. పిల్లల తల్లిదండ్రులు ఖాకీ చూసి నమ్మారు. అందుకని క్యాంపు కాగితం రాగానే నెల్లూరులో యూనిట్ ఆఫీసుకి ఫోను చేయండి. ఈ క్యాంపు మీదేనా, ఏ తేదీల్లో, మా బడి నుంచి ఎంతమంది, వెంట వచ్చే ఆడటీచరు ఎవరు అని అడగండి. నిజమైన కేడెట్‌కి నమోదు నంబరు ఉంటుంది. అది మీ పాపకి వచ్చిందో లేదో చూడండి. గైడ్స్ క్యాంపైతే జిల్లా శాఖని ఇలాగే అడగండి. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే మాత్రం నేను తాతగారి పక్షమే. కారణం ఆ పది రోజులే. మన కావలి ఆడపిల్ల బడి, ట్యూషను, ఇల్లు తప్ప ఒంటరిగా ఎక్కడ రాత్రి గడిపింది? అమ్మమ్మ ఊళ్లో తప్ప! అక్కడ ముక్కూమొహం తెలియని పిల్లల మధ్య పక్క వేసుకోవాలి. తన బట్టలు తనే ఉతుక్కోవాలి. నచ్చని కూరతో అన్నం తినాలి. ఎవరో దుప్పటి లాగేసుకుంటే తనే మాట్లాడి తెచ్చుకోవాలి. అయిదేళ్లు తిరక్కుండా ఆ పిల్లనే మీరు హాస్టల్లో దింపి, కళ్లు తుడుచుకుంటూ వస్తారు. ఇంటర్ మొదటి నెలలో పిల్లలు ఎంత బెంగపెట్టుకుంటారో ప్రతి వీధిలోనూ ఒక కథ ఉంది. ఆ మొదటి రాత్రి పదమూడో ఏట, స్నేహితురాళ్లతో, పది రోజులకి ఇంటికొచ్చేస్తానన్న భరోసాతో గడవడం మేలు. నాన్నగారు అడిగిన లెక్కలు ఆ పది రోజుల్లో ఏమీ తరిగిపోవు.

ఎన్‌సీసీకి టిక్కు పెడితే సరిపోదన్నది కూడా గుర్తుంచుకోండి. సీట్లు పరిమితం, యూనిట్‌వాళ్లు వచ్చి ఎత్తు చూసి, పరుగు పెట్టించి ఎంపిక చేసుకుంటారు. ఇప్పట్నించే రోజూ పొద్దున ఇంటి చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తించండి. పేరు రాకపోతే గైడ్స్ టీచరుని కలవండి, రాజ్య పురస్కార్ అందకపోయినా తృతీయ సోపాన్ దాకా వెళ్లొచ్చు. వస్తే, క్యాంపుకి తాళం ఉన్న పెట్టె, టార్చిలైటు, రెండు జతల మేజోళ్లు, కొబ్బరినూనె సీసా సర్దండి. ఆవకాయ జాడీ సర్దకండి, టెంటులో మొదటిరోజే అయిపోతుంది.